ఫాన్ రంగ్ పెరట్లో గా నోయ్: పదకొండు గుడ్ల డైరీ

3 మార్చి 2024, ఆదివారం

ఈ రోజు ఉదయం ఎనిమిది గంటలకు పదకొండు గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టాను. రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగం కోసం భీమవరం నుంచి వియత్నాం దక్షిణ మధ్య తీరంలోని ఫాన్ రంగ్‌కు వచ్చి మూడేళ్లు కావస్తోంది. ఇన్నాళ్లూ పక్కింటి పుంజు కూతకు నిద్ర లేస్తూ, గోడ మీదుగా దానివంక చూస్తూ గడిపిన నేను, ఆ జాతిని గుడ్డు దశ నుంచి నా చేతుల మీదుగా పెంచి, వారం వారం తూకం వేసి, దాని ఈకలూ చర్మమూ కాళ్లూ ఎలా మారతాయో రాసిపెట్టుకోవాలని చివరికి నిశ్చయించుకున్నాను. పందెం నా ఉద్దేశం కాదు. పందెం ఊళ్లో పుట్టి పెరిగినవాడిని కనుక పుంజును చూడడం వచ్చునన్న ధీమా ఒకటి నాలో ఉంది, ఈ దేశపు కోడి ముందు అది ఎంతవరకు నిలుస్తుందో చూడాలన్నదే అసలు కోరిక.

గుడ్లు ఇచ్చినవారు పక్కింటి బాక్ బాయ్. బాక్ అంటే పెదనాన్న, బాయ్ అంటే ఏడు. ఇక్కడివాళ్లు ఇంట్లో మొదటి బిడ్డను ‘రెండు’ అని లెక్కపెట్టడం మొదలుపెడతారు కాబట్టి, ఏడో నంబరు పెదనాన్న నిజానికి ఆరో సంతానం. గుడ్లు ఇచ్చే ముందు ఆయన ఒక ఒప్పందం చేయించుకున్నారు. పుట్టిన పిల్లల్లో మగవన్నీ నావి, ఆడవన్నీ పెట్టకు వచ్చే వయసులో ఆయన దొడ్డికి తిరిగి చేరాలి. ఇక్కడి పెంపకందారులు మంచి పుంజునైనా అమ్ముతారు గానీ పెట్టను గడప దాటనివ్వరు. ‘కోడి తల్లి పోలిక, కుక్క తండ్రి పోలిక’ అన్నది వాళ్ల సామెత. పెట్ట తన ఒకే ఒక్క జడ్ క్రోమోజోమును కొడుకులకే ఇస్తుందనీ, కూతుళ్లకు ఆ క్రోమోజోము తండ్రి నుంచే వస్తుందనీ చదువుకున్న నాకు ఈ సామెతతో కొంత పేచీ ఉంది. అయితే గుడ్లు ఆయనవి, పేచీ మాత్రమే నాది.

పేర్ల సంగతి కూడా ఇక్కడే రాసుకుంటాను. ‘గా’ అంటే కోడి, ‘నోయ్’ అంటే వంశం, మేలు జాతి. ఉత్తరాదిన దీనిని గా చొయ్ అంటారు, పోరాడే కోడి అని అర్థం. దక్షిణాదిన గా డా అంటారు, తన్నే కోడి అని అర్థం. అందులో మళ్లీ రెండు శాఖలున్నాయి. కాలిముల్లుతోనో, ముల్లుకు బదులు కట్టిన ఇనుప ముల్లుతోనో, కత్తితోనో పోరాడే చిన్నపాటి పక్షి గా కువా. ముల్లును అరగదీసి గాని గుడ్డ చుట్టి గాని వట్టి కాలి దెబ్బతో పోరాడే పెద్ద పక్షి గా డోన్. డోన్ అంటే దెబ్బ. మన గోదావరి జిల్లాల లెక్కలో చెప్పాలంటే మొదటిది కత్తి పందెపు కోడి, రెండోది డింకీ పందెపు కోడి. నా పెట్టెలో ఉన్నవి గా డోన్ గుడ్లు. ఒక్కొక్కటి 44 నుంచి 49 గ్రాములు తూగింది.

10 మార్చి

చీకటి గదిలో గుడ్లను టార్చి వెలుగుకు పట్టి చూశాను. తొమ్మిదింట్లో సాలెగూడు లాంటి రక్తనాళాలు కనిపించాయి, రెండు వట్టి గుడ్లు. ఉష్ణోగ్రత 37.7 డిగ్రీల వద్ద, తేమ 55 శాతం వద్ద నిలకడగా ఉన్నాయి.

25 మార్చి

నిన్న తెల్లవారుజామున మొదటి పెంకు చిట్లింది, ఈ ఉదయానికి ఎనిమిది పిల్లలు బయటపడ్డాయి. తొమ్మిదో గుడ్డులోని పిల్ల పూర్తిగా ఎదిగి కూడా పెంకు లోపలే చనిపోయింది. చివరి మూడు రోజుల్లో తేమను 70 శాతం దగ్గరకు పెంచవలసి ఉండగా నేను ఒక పూట ఆలస్యం చేశాను, బహుశా లోపలి పొర ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. బతికినవి 30 నుంచి 33 గ్రాముల మధ్య తూగాయి. మారెక్స్ టీకా వేయించాను. కాళ్లకు ఎనిమిది రంగుల ప్లాస్టిక్ ఉంగరాలు తొడిగి, డైరీలో వాటిని ఆ రంగుల పేర్లతోనే పిలుచుకోవాలని పెట్టుకున్నాను.

పుట్టిన మొదటి రోజునే ఒక తేడా కంటబడింది. మా ఊళ్లో జాతి కోడిపిల్ల అరచేతిలో మెత్తటి బంతిలా ఉంటుంది. ఈ పిల్లలు మాత్రం నిలబడగానే పొడవుగా, మెడ ముందుకు చాచి, కాళ్లను ఎడం చేసి నిలబడుతున్నాయి. బాక్ బాయ్ వచ్చి పిల్లల ముఖాల వంక చూడకుండా, ఒక్కొక్క దానిని తలకిందులుగా పట్టుకుని అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా చూసి, ఏమీ మాట్లాడకుండా టీ తాగి వెళ్లిపోయారు.

21 ఏప్రిల్

నాలుగు వారాలు నిండాయి. తూకం 215 నుంచి 260 గ్రాములు. ఏడో రోజున కొక్కెర తెగులు టీకా, పద్నాలుగో రోజున గంబోరో టీకా పడ్డాయి. రెక్కల చివర నాలుగు పుల్లల్లాంటి ఈకలు తప్ప వీపు మీద నూగు అలాగే ఉంది. ఇదే వయసున్న ఇక్కడి నాటు కోడిపిల్లలు పక్క వీధిలో నిండా ఈకలు కప్పుకుని తిరుగుతున్నాయి.

5 మే

ఈ వారం జరిగినదానికి నన్ను తప్ప ఎవరినీ నిందించలేను. ఏప్రిల్ 30, మే 1 ఇక్కడ వరుస సెలవులు. స్నేహితులతో దా లాత్ వెళ్లి రెండు రాత్రులు గడిపి వచ్చాను. బయలుదేరే ముందు నీళ్ల డబ్బా మూత సరిగా బిగించలేదు. తిరిగి వచ్చేసరికి దాని కింద మూరెడు మేర ఊక ముద్దయిపోయి ఉంది, వెచ్చని వాసన వస్తోంది. దానిని ఎత్తి పారేసి కొత్త ఊక పోసి, పని అయిపోయిందనుకున్నాను. మూడు రోజులు గడిచాక నిన్న ఉదయం గూడు తెరిస్తే ‘పసుపు’, ‘గోధుమ’ అనే రెండు పిల్లలు రెక్కలు జారవేసి, కళ్లు మూసుకుని మూలన నిలబడి ఉన్నాయి, కింద కాగితం మీద ఎర్రటి రెట్ట కనబడింది.

అది రక్తపారుడు. దానికి కారణమైన ఐమీరియా అనే పరాన్నజీవి గుడ్లు పొడి ఊకలో పెద్దగా హాని చేయవు, తడీ వేడీ కలిసి దొరికితే మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే దశకు చేరతాయి. రొయ్యల చెరువులో నీటి నాణ్యత గురించి రోజుకు రెండు సార్లు రాసే మనిషినై ఉండి, పెరట్లో అర లీటరు నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూసుకోలేకపోయాను. తాగే నీళ్లలో ఆంప్రోలియం కలిపి ఐదు రోజులు ఇవ్వడం మొదలుపెట్టాను. పసుపు సాయంత్రానికి చనిపోయింది. గోధుమ మరునాటి ఉదయం దాకా బతికింది. మిగిలినవి ఆరు. నీళ్ల డబ్బాను ఇటుకల మీద పరిచిన జల్లెడ పళ్లెంలోకి మార్చాను, ఇక ఎంత కారినా ఊకను తాకదు.

26 మే

ఈ ఎంట్రీ కొంచెం సిగ్గుతో రాస్తున్నాను.

తొమ్మిది వారాల వయసులో ఈ పిల్లలు ఎలా ఉన్నాయో ఫోటో తీసి ఇంటికి పంపితే, మా బాబాయి ఫోన్ చేసి ‘ఈకలు పీకేసిన కోడిని పంపావేమిట్రా’ అని అడిగాడు. అతిశయోక్తి ఏమీ లేదు. వీపు మొత్తం బోసిగా, గులాబీ రంగు చర్మంతో ఉంది. మెడ మీద ఈకలు లేవు. రొమ్ము ఎముకకు రెండు వైపులా చర్మం నేరుగా కనిపిస్తోంది. రెక్కలు మాత్రం ఎవరివో తెచ్చి అతికించినట్లు నిండుగా ఉన్నాయి. పొడవాటి కాళ్ల మీద ఈ నగ్న శరీరాలు ఎండలో తిరుగుతుంటే చూసినవాళ్లకు జాలి కలుగుతుంది. నాకూ కలిగింది, అందుకే తప్పు చేశాను. ఈకలు ప్రధానంగా ప్రొటీనుతో తయారవుతాయి కదా, ఇది ప్రొటీను లోపమే అయి ఉంటుందని తేల్చేసుకుని, హేచరీ నుంచి మిగులు రొయ్యల మేత తెచ్చి, పొడి చేసి, మూడు వారాల పాటు దాణాలో సగానికి సగం కలిపాను. ఆ మేతలో ప్రొటీను 40 శాతం ఉంటుంది.

ఈకలు రాలేదు, ఒళ్లు మాత్రం వచ్చింది. తూకాలు 620 నుంచి 760 గ్రాములకు చేరాయి. నేను సంతోషిస్తున్న సమయంలో ‘నీలం’ ఉంగరపు పుంజుపిల్ల ఎడమ కాలు పక్కకు వేసి నడవడం మొదలుపెట్టింది. చీలమండ కీలు ఉబ్బి, కాలు కొద్దిగా బయటకు తిరిగింది. ఒళ్లు బరువెక్కిన వేగాన్ని ఎముక అందుకోలేకపోయిందన్నమాట.

బాక్ బాయ్ గోడ దిగి వచ్చి, మేత డబ్బాలో వేలు పెట్టి వాసన చూసి, ‘ఇది రొయ్య కాదు బాబూ, నెలకు పెంచి అమ్మడానికి’ అన్నారు. గా డోన్ పిల్లకు ఈకలు ఆలస్యంగా వస్తాయనీ, మెడా తొడలూ రొమ్మూ చాలావరకు ఎన్నటికీ కప్పబడవనీ, ఇది రోగం కాదు, లోపం కాదు, జాతి గుర్తనీ ఆయన ఓపికగా వివరించారు. త్వరగా ఈకలు కప్పుకున్న పిల్లను చూస్తే తమకు అనుమానం వస్తుందట, అందులో మాంసపు కోడి నెత్తురు కలిసి ఉంటుందని. మేకాంగ్ డెల్టా ప్రాంతంలో నోయ్ పుంజును ఇతర పెట్టలతో కలిపి మాంసం కోసం పెంచే సంకర కోళ్లకు మంచి గిరాకీ ఉన్నందువల్ల ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. నా భీమవరం కన్ను మొదటిసారి ఓడిపోయింది.

మేత మార్చాను. ఉదయం రాత్రంతా నానబెట్టి కడిగి తాలు తీసేసిన వడ్లు, మధ్యాహ్నం తరిగిన పాలకూరా మొలకలూ, సాయంత్రం మళ్లీ వడ్లూ కొద్దిగా మొక్కజొన్న నూకా. మా వైపు గంట్లూ చోళ్లూ పోసినట్లే ఇక్కడ వడ్లు. పెద్దయ్యాక వారానికి రెండు మూడు సార్లు గొడ్డు మాంసపు ముక్కలో, ఈలు చేప ముక్కలో, చిమ్మెటలో ఇస్తారట.

30 జూన్

పద్నాలుగు వారాలు. ఆడవి మూడు, మగవి మూడు అని తేలిపోయింది. ‘ఎరుపు’, ‘నలుపు’, ‘నీలం’ పుంజులు, ‘తెలుపు’, ‘ఆకుపచ్చ’, ‘ఊదా’ పెట్టలు. పెద్ద పుంజుపిల్ల 1.38 కిలోలు. నీలం కాలు కొంత సర్దుకుంది గాని పూర్తిగా నిటారు కాలేదు.

మంగళవారం ఎరుపూ నలుపూ తలపడ్డాయి. విడదీసే లోపు గడిచింది ఒకటిన్నర నిమిషమే, అయినా నా మూడు నెలల తూకాల పట్టిక చెప్పని సంగతి ఆ కాస్త సమయంలో అర్థమైంది. మా ఊళ్లో పుంజులు ఎదురెదురుగా మెడ ఈకలు గొడుగులా విప్పి, ఎగిరి, గాలిలోనే కాళ్లు విసురుతాయి. ఇవి ఎగరలేదు. దగ్గరకు జరిగి, ఒకదాని మెడ మీద మరొకటి మెడ వేసి, ఇద్దరు మల్లులు భుజాలు ఆనించుకున్నట్లు నెట్టుకుంటూ నిలబడ్డాయి. తర్వాత నలుపు తల దించి ఎరుపు రెక్క కిందకు దూరి, వెనుక నుంచి తల పైకెత్తి, మెడ చర్మాన్ని ముక్కుతో పట్టుకుని, ఆ పట్టు ఆసరాతో రెండు కాళ్లూ ఒకేసారి ఝాడించింది. చప్పుడు తడి బట్టను బండకేసి కొట్టినట్లు వచ్చింది.

ఈ కోడి రూపం మొత్తం ఆ పోరు నియమం నుంచి పుట్టింది. గా డోన్ పోరు ‘హో’ అనే విడతలుగా సాగుతుంది. ఒక్కో విడత పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, మధ్యలో ఐదు నిమిషాల విరామం, ఆ విరామంలో పుంజుకు నీళ్లు పట్టి, తుడిచి, సేదదీర్చడం ఒక ప్రత్యేకమైన విద్య. పాత రోజుల్లో గడియారానికి బదులు అగరువత్తి వెలిగించి సమయం కొలిచేవారు. ఇలా గంటల తరబడి సాగే పోరులో గెలుపు చురుకుదనానిది కాదు, ఓర్పుది. మెడ మీద మెడ ఆనించి బరువు మోపే పద్ధతికి పొడవైన, లావైన, ఎముకలు దగ్గరగా పేర్చినట్లుండే మెడ కావాలి. ఎదుటి పుంజు ముక్కుకు దొరక్కుండా జుట్టు తలకు అంటుకుపోయి మల్బరీ పండంత ఉండాలి, గడ్డం కింద తోలు దాదాపు ఉండకూడదు. దెబ్బ తగిలినా చిట్లని దళసరి చర్మం కావాలి, వేడిమి నిలవకుండా ఈకలు పలచగా ఉండాలి. తరాల తరబడి మనుషులు ఇవే చూసి ఎంచుకుంటూ వచ్చారు. కత్తి కట్టే చోట పోరు నిమిషాల్లో తేలిపోతుంది కనుక అక్కడ బరువు కంటే ఎగురు, ఓర్పు కంటే వేగం పనికివస్తాయి. మా గోదావరి పుంజూ ఈ దేశపు గా కువా అందుకే ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి, ఒకే ఊళ్లో పుట్టిన గా కువా, గా డోన్ మాత్రం రెండు దేశాల పక్షుల్లా ఉంటాయి. నేను ఇన్నాళ్లూ దేశాన్ని బట్టి పోల్చుతూ వచ్చాను, పోల్చవలసింది బరి నియమాన్ని.

ఆ సాయంత్రమే మూడు పుంజులనూ వేర్వేరు వెదురు గంపల కింద పెట్టి, ఒకదానికొకటి కనబడకుండా మధ్యలో గోనెపట్టాలు కట్టాను.

18 ఆగస్టు

పుంజులు 2.1 కిలోల దరిదాపుల్లో, పెట్టలు 1.6 కిలోల దరిదాపుల్లో ఉన్నాయి. ఈకల రంగు తేలింది కనుక ఈ ఆదివారం బాక్ బాయ్ పరీక్ష జరిపారు. దాదాపు రెండు గంటలు పట్టింది.

మొదట రంగు చూశారు. నలుపు ఉంగరపు పుంజు ఒళ్లంతా నల్లనిది, నాకు అది కాకి, ఆయనకు ‘ఓ’. ఎరుపు ఉంగరపుది మెడా వీపూ ముదురు ఎరుపు, రొమ్ము నలుపు, నాకు డేగ, ఆయనకు ‘దియేవ్’. నీలం ఉంగరపుది బూడిద రంగు, దానిని మైల అనాలా మరేదైనా అనాలా అని నేను తేల్చుకోలేక నసుగుతుంటే ఆయన ‘సామ్’ అని ఒక్క మాటలో ముగించారు. వాళ్ల పద్ధతిలో రంగులు పంచభూతాలకు కట్టుబడి ఉంటాయి, అయితే ఆ ఐదూ చైనా సంప్రదాయపు ఐదు. తెలుపు లోహానికి, నలుపు నీటికి, ఎరుపు నిప్పుకు, పసుపు వన్నె మట్టికి, బూడిద వన్నె చెట్టుకు చెందుతాయి. నీరు నిప్పును ఆర్పుతుంది కనుక నల్ల పుంజు ఎర్ర పుంజును గెలుస్తుందన్నది సూత్రం. మన కుక్కుట శాస్త్రం ఇదే పనిని వారాలతో, నక్షత్రాలతో, జాములతో చేస్తుంది. రెండింటిలో దేనిని నమ్ముతావని అడిగితే, జూన్‌లో ఆ మంగళవారం నా కళ్ల ముందు నల్లది ఎర్రదాని రెక్క కిందకు దూరిన మాట నిజమేనని మాత్రం ఒప్పుకుంటాను.

తర్వాత కాళ్ల పొలుసులు చూశారు, ఇందులో మాత్రం ఆయన నిజమైన పండితుడు. పుంజును చంకలో ఇరికించుకుని, ఎడమ చేతితో కాలు చాపి, తడి గుడ్డతో తుడిచి, ముందు వైపున మోకాలి నుంచి వేళ్ల దాకా దిగే రెండు వరుసల పొలుసులను బొటనవేలి గోటితో ఒక్కొక్కటిగా తాకుతూ కిందికి వచ్చారు. పై భాగంలో వరుసలను అడ్డంగా కప్పే ఒకే ఒక్క పెద్ద పొలుసు ఉంటే దానిని ‘ఆన్ థియెన్’ అంటారు, ఆకాశానికి అడ్డునిలిచేది అని. అదే అడుగున, వేళ్ల మొదట్లో ఉంటే ‘ఫు దియ’, నేలను కప్పేది. ఎరుపు కుడి కాలి మీద పై పొలుసు ఉంది, ఎడమ కాలి మీద లేదు. ఒక కాలికే ఉంటే ఏమిటి అర్థమని అడిగాను. ‘ఒక కాలికే ఉందని అర్థం’ అన్నారు. అంతటితో ఊరుకోకుండా నా చేత కూడా లెక్కపెట్టించారు. నేను తేల్చిన సంఖ్య ఆయన సంఖ్యతో మూడు పుంజుల్లో ఒక్కదానికే కలిసింది.

నేను ఈ శకునాలను నమ్మను. అయితే కాలిని ఇంత దగ్గరగా చూసే అలవాటు వల్ల నీలం కీలు వాపు పూర్తిగా తగ్గలేదన్న సంగతి ఆయనకు తట్టిందనీ, వారం వారం తూకం వేసే నాకు తట్టలేదనీ కూడా రాసుకోవాలి.

2 సెప్టెంబర్

జాతీయ దినోత్సవపు సెలవుల్లో థాప్ చామ్ స్టేషన్‌లో రైలెక్కి ఉత్తరానికి బయలుదేరి, క్వి న్యోన్ దగ్గరి దియేవ్ చీలో దిగి, అక్కడి నుంచి తాయ్ సొన్ ప్రాంతానికి వెళ్లి వచ్చాను. ఈసారి నీళ్ల డబ్బాల బాధ్యత బాక్ బాయ్ మనవడిది. బిన్ దిన్ ప్రాంతం గా నోయ్‌కు ఎంత పేరున్నదో, యుద్ధవిద్యలకు అంత పేరున్నది, ఆ రెండూ అక్కడ ఒకే కథలో కలుస్తాయి.

1771లో అక్కడి ముగ్గురు సోదరులు లేవనెత్తిన తిరుగుబాటు దేశపు రాజవంశాలనే తలకిందులు చేసింది. వారిలో న్గుయెన్ హ్వే క్వాంగ్ చుంగ్ చక్రవర్తిగా 1789 కొత్త సంవత్సరపు రోజుల్లో హనోయ్ వద్ద చైనా చింగ్ సైన్యాన్ని ఓడించాడు. వాళ్ల పంచాంగంలో ఆ కొత్త సంవత్సరం కోడి సంవత్సరం కావడం చరిత్ర వేసిన చమత్కారం. మరో సోదరుడు న్గుయెన్ లూ కోడిపోరు చూస్తూ, చిన్న పుంజు పెద్ద పుంజు బరువును తప్పించుకుని కిందుగా దూరి గెలిచే తీరు నుంచి ‘హుంగ్ కే క్వియెన్’ అనే కోడిపుంజు ముష్టియుద్ధ వరుసను రూపొందించాడని అక్కడివారి ఐతిహ్యం. క్వాంగ్ చుంగ్ మ్యూజియంలో డప్పుల మోత మధ్య యువకులు యుద్ధవిద్యలు ప్రదర్శిస్తుంటే, ఒక కుర్రవాడు మోచేతులు రెక్కల్లా ముడిచి, ఎదుటివాడి చంక కిందకు దూరి, వెనుక తేలాడు. జూన్‌లో నా పెరట్లో నలుపు చేసిన పని అదే.

విచిత్రమేమంటే, ఆ సోదరుల వంశాన్ని కూల్చిన పక్షంలో కూడా కోళ్ల మీద ప్రాణం పెట్టినవాడే ఉన్నాడు. 1801లో క్వి న్యోన్ రేవును ఆనుకుని ఉన్న థి నాయ్ జలాల్లో తాయ్ సొన్ నౌకాదళాన్ని దెబ్బతీసిన సేనానుల్లో ఒకడైన లె వాన్ జుయెత్, 1764లో పుట్టి 1832లో మరణించాడు, చివరి రోజుల్లో దక్షిణ ప్రాంతానికంతటికీ పాలకుడుగా ఉన్నాడు. కోళ్ల లక్షణాలు చెప్పే ‘కే కిన్’ అనే గ్రంథాన్ని ఆయన పేరుతోనే చెప్పుకుంటారు, బాక్ బాయ్ పొలుసుల పాఠానికి మూలం ఆ సంప్రదాయమే. హో చి మిన్ నగరంలోని ఆయన సమాధి మందిరం ఈనాటికీ జనంతో కిటకిటలాడుతుంది.

కోడిపోరు వారి చరిత్రలో ఇంకా వెనక్కి వెళుతుంది. మంగోలు సేనలు రెండోసారి దండెత్తి రాబోతున్న 13వ శతాబ్దపు చివరి రోజుల్లో సేనాపతి చాన్ హుంగ్ దావ్ తన సైన్యాధికారులకు రాసిన ప్రసిద్ధ ప్రబోధంలో, కోడిపందేల్లో మునిగి తేలుతున్నవారిని మందలిస్తూ, పుంజు కాలిముల్లు శత్రువు కవచాన్ని చీల్చలేదని హెచ్చరించాడు. ఒక జాతి కోళ్ల గురించిన అతి పాత సాక్ష్యాల్లో ఒకటి తిట్టు రూపంలో మిగలడం నాకు చాలా నచ్చింది. నేటి చట్టం కూడా అదే బాటలో ఉంది. పండగ వేడుకల్లో పోటీ పెడితే ఊరుకుంటారు గాని, డబ్బు కాస్తే శిక్షాస్మృతిలోని జూద నిబంధనలు వర్తిస్తాయి. మనకు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నట్లే.

20 అక్టోబర్

వానలు. దేశంలోకెల్లా అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో ఫాన్ రంగ్ ఒకటి, పడేదంతా ఈ రెండు మూడు నెలల్లోనే పడుతుంది. గూటి నేలను ఇటుకలతో అడుగు ఎత్తు లేపాను. పశువైద్య సిబ్బంది వచ్చి పక్షి జ్వరం టీకా వేసి వెళ్లారు.

టీకా సూది చూసినప్పుడు బాక్ బాయ్ 2004 సంగతి ఎత్తారు. అంతకు ముందు ఏడాది చివర బయటపడిన హెచ్5ఎన్1 అనే పక్షి జ్వరపు వైరస్ ఆ కొద్ది నెలల్లో దేశమంతటా నాలుగు కోట్లకు పైగా కోళ్లనూ బాతులనూ బలిగొంది, వాటిలో అధిక భాగం వ్యాప్తిని ఆపడానికి చంపినవే. 2005లో దేశవ్యాప్తంగా టీకాలు మొదలయ్యేదాకా కోడిని పక్క ఊరికి తీసుకువెళ్లడం కూడా కష్టంగా ఉండేది. ఆయన దొడ్డిలోని పక్షులన్నీ పోయాయి, తమ్ముడి ఇంట్లో గుడ్ల మీద పొదుగుతున్న ఒక్క పెట్ట మిగిలింది. ఈ ఆరు పక్షులూ ఆ పెట్ట సంతతి. పెట్టలు గడప దాటకూడదన్న ఒప్పందాన్ని నేను మార్చిలో ఒక ఛాదస్తంగా రాసుకున్నాను.

24 నవంబర్

ఎనిమిది నెలలు. ఎరుపు 2.95 కిలోలు, నలుపు 2.8, నీలం 2.5. పిల్ల ఈకలు రాలి పెద్ద ఈకలు గట్టిపడ్డాయి కనుక మూడు వారాల కిందటే పసుపు పట్టించే రోజు వచ్చింది. ఇక్కడ ఈ పనికి ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, ‘వావ్ ఙ్గే’, అంటే పసుపు ఎక్కించడం.

ముందుగా కత్తెరతో మెడ వెంబడి, తొడల లోపలి వైపు, పొట్ట కింద మిగిలిన పలచని ఈకలను చర్మం దాకా కత్తిరించాం. తర్వాత పచ్చి పసుపు కొమ్ములను దంచి, బియ్యపు సారాలో కలిపి, చిటికెడు ఉప్పు వేసి, చిక్కటి ముద్ద చేశారు. పెయింటు కుంచెతో ఆ ముద్దను ముఖం నుంచి మొదలుపెట్టి, కళ్లలో పడకుండా, మెడా రొమ్మూ తొడలూ నిండుగా పూశాం. గంట ఎండలో నిలిపి, సాయంత్రం గోరువెచ్చని టీ ఆకు కషాయంతో కడిగేశాం. ఒకటి రెండు రోజుల విరామంతో దీనిని మళ్లీ మళ్లీ చేస్తారు. చర్మం బిగుసుకుని దళసరి అవుతుందనీ, కింది కొవ్వు కరుగుతుందనీ వాళ్ల నమ్మకం. కొవ్వు సంగతి నేను చెప్పలేను. మూడు వారాల్లో ఎరుపు మెడ చర్మం రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే మునుపటి కంటే గరుకుగా, తోలు చెప్పులా తగలడం మాత్రం నిజం, దాని రంగు పండిన మిరపకాయకు వచ్చింది.

మా వైపు వేడినీళ్ల కాపడం, ఈత కొట్టించడం చూశాను గాని, పుంజుకు పెళ్లికొడుకులా నలుగు పెట్టడం చూడలేదు. నా చొక్కా, గంప, పెరటి మెట్లు, బాక్ బాయ్ మనవడి మోకాళ్లు అన్నీ పసుపే. ఆ ఫోటో చూసి ఈసారి మా బాబాయి ఏమీ అనలేదు, ముహూర్తం ఎప్పుడని అమ్మ అడిగింది.

14 జనవరి 2025, సంక్రాంతి

నలభై రెండు వారాలు నిండాయి. ఎరుపు 3.2 కిలోలు, నలుపు 3.05, నీలం 2.7. గా డోన్ పుంజు సంపూర్ణంగా ఎదగడానికి ఏడాది దాటుతుంది కనుక వీటి తూకం ఇంకా పెరగాలి. పెట్టల్లో తెలుపు 2.3 కిలోలతో అన్నింటికంటే పెద్దది, డిసెంబర్ చివరి వారంలో గుడ్లు మొదలుపెట్టి పన్నెండు పెట్టి పొదుగుకు కూర్చుంది. కాన్పుకు అంతకు మించి పెట్టవనీ, గుడ్ల కోసం ఈ జాతిని ఎవరూ పెంచరనీ ముందే విన్నాను.

ఉదయం నుంచి ఊళ్లోని స్నేహితులు బరుల దగ్గరి వీడియోలు పంపుతూనే ఉన్నారు. ఇక్కడ కొత్త సంవత్సరం ఈ నెల 29న, వీధి చివర వేడుకల పందిరి అప్పుడే లేస్తోంది, ఎరుపును చూసి ఇద్దరు బేరానికి వచ్చారు. ఇవ్వనన్నాను. నీలాన్ని ఎవరూ అడగలేదు, కాలు అలాగే ఉంది, మేతకు మాత్రం అందరికంటే ముందు అదే పరుగెత్తుకు వస్తుంది.

మధ్యాహ్నం ఆకుపచ్చనూ ఊదానూ చెరొక చంకలో పెట్టుకుని వెళ్లి బాక్ బాయ్ దొడ్డిలో దించాను. ఆయన రెండింటి కాళ్లూ తుడిచి చూసుకుని, తెలుపు సంగతి అడిగారు. గుడ్ల మీద ఉందని చెప్పాను. పొదుగు మీది పెట్టను కదిలించకూడదు కనుక పిల్లలు లేచాకనే తీసుకువెళతానని అన్నారు. ఆ పిల్లల్లో ఆడవి ఎవరివని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. టార్చి తీసుకుని ఇద్దరమూ మా పెరట్లోకి వచ్చి, తెలుపును మెల్లగా ఎత్తి పన్నెండు గుడ్లనూ వెలుగుకు పట్టి చూశాం. పదింట్లో నాళాలు ఉన్నాయి.

నీళ్ల డబ్బా మూత రెండుసార్లు చూసుకున్నాను.